మాటలతో కట్టిన ఊళ్లు: ఫోనులో అక్షరాల ఆటలు

పిల్లలూ! అమ్మమ్మ కథ చెబుతుంటే మనం "ఊ" కొడతాం. ఊ కొట్టడం ఆపేస్తే "నిద్రపోయావా?" అని అడిగి కథ ఆపేస్తుంది. అంటే కథ సాగాలంటే వినేవాళ్ల మాట కూడా కావాలి. ఆ "ఊ" బదులు మీరు "తలుపు తీశాను" అనో, "దీపం పట్టుకుని ఉత్తరం వైపు నడిచాను" అనో చెబితే, దాన్నిబట్టి కథ మలుపు తిరిగితే ఎలా ఉంటుంది? అదే కథలో మీతోపాటు ఇంకో ఇరవైమంది, తలొక ఊళ్లో కూర్చుని, ఒకేసారి తిరుగుతూ ఉంటే?

అలాంటి ఆటలు నిజంగానే ఉన్నాయి. వాటిలో బొమ్మలు ఉండవు, పరుగెత్తే కార్లు ఉండవు, రంగురంగుల కోటలు ఉండవు. తెర మీద కనిపించేవన్నీ అక్షరాలే. కంప్యూటర్ల కోసం పుట్టిన ఈ ఆటల్ని ఇప్పుడు ఫోనులో కూడా ఆడుతున్నారు. ఇవి ఎలా పుట్టాయి, లోపల ఎలా పనిచేస్తాయి, ఫోనులో ఆడితే ఏం చిక్కులు వస్తాయి, అమ్మానాన్నల బదిలీలతో ఊరూరా తిరిగే మనలాంటివాళ్లకు ఇవి ఎందుకు పనికొస్తాయి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ఆట ఎలా ఉంటుంది?

ముందు ఒక నమూనా చూడండి. ఇది నేను మీకోసం రాసింది. ఇందులో మీ పేరు తాబేలు. ఇంకో ఊళ్లో ఉన్న మీ స్నేహితురాలి పేరు పిచ్చుక. బాణం గుర్తు ఉన్న వాక్యాలు మీరు టైపు చేసినవి. మిగతావి ఆట చెప్పినవి.

చిన్న స్టేషన్, ఒకటో నంబరు ప్లాట్‌ఫాం.
వాన ఇప్పుడే వెలిసింది. రేకుల కప్పు అంచు నుంచి చినుకులు కారుతున్నాయి. టీ కొట్టు మూసి ఉంది కానీ పొయ్యిలో నిప్పు ఆరలేదు. బల్ల మీద ఎవరో మరిచిపోయిన గొడుగు ఉంది.
దారులు: ఉత్తరం, తూర్పు.
పిచ్చుక ఇక్కడ ఉంది.
> గొడుగు తీసుకో
మీరు గొడుగు తీసుకున్నారు.
పిచ్చుక అంటోంది: "అది స్టేషన్ మాస్టరుగారి గొడుగు. ఇచ్చేస్తే గది తాళం ఇస్తారు."
> ఉత్తరం
స్టేషన్ మాస్టరు గది. తలుపు దగ్గరగా వేసి ఉంది...

చూశారుగా, ఒక్క బొమ్మ కూడా లేదు. అయినా వాన వాసన మీకు తగిలే ఉంటుంది. ప్లాట్‌ఫాం ఎంత పొడుగుందో ఆట చెప్పలేదు. మీరు దిగిన ఏదో స్టేషన్‌ని మీ మనసే అక్కడ పెట్టేసింది. వందమంది చదివితే వంద స్టేషన్లు తయారవుతాయి.

ఈ పద్ధతిలో చాలామంది కలిసి ఆడే ఆటల్ని "మడ్" అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు బురద అని అర్థం ఉన్నా, ఇక్కడ బురదతో పనేమీ లేదు. "మల్టీ యూజర్ డంజన్" అనే పేరులోని మొదటి అక్షరాలవి. చాలామంది కలిసి తిరిగే చీకటి నేలమాళిగ అని చెప్పుకోవచ్చు.

ఎక్కడ పుట్టింది?

1970ల మధ్యలో అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ ఉండేవారు. ఆయనకు గుహల్లో తిరగడం సరదా. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తాను చూసిన దారుల్ని ఆధారం చేసుకుని, తన ఇద్దరు కూతుళ్లు ఆడుకోవడానికి అక్షరాలతో ఒక ఆట రాశారు. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచారు. అదే "కొలోసల్ కేవ్ అడ్వెంచర్". కానీ ఆ గుహలో ఆడేవాళ్లు ఒంటరిగానే తిరగాలి.

తోడు దొరికింది ఇంగ్లండులో. 1978లో ఎసెక్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాయ్ ట్రబ్‌షా, ఒకే లోకంలో చాలామంది కలిసి తిరిగే ఆట మొదలుపెట్టారు. తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ ఆ పనిలో చేరి, తర్వాత దాన్ని ముందుకు తీసుకెళ్లారు. అప్పటి కంప్యూటర్ ఒక గది నిండా ఉండేది. పేరు పీడీపీ-10. దానికి తీగలతో కలిపిన టెర్మినళ్ల ముందు విద్యార్థులు కూర్చునేవారు. ఒకరు టైపు చేసింది పక్కవాళ్ల లోకంలో కూడా కనిపించడం అప్పటికి వింతే. 1980లో ఆ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ నెట్‌వర్కు అమెరికాలోని అర్పానెట్‌తో కలిసింది. ఆట సముద్రం దాటింది.

తర్వాత ఇలాంటివి ఎన్నో వచ్చాయి. 1989లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్‌ప్నెస్ రాసిన "టైనీమడ్"లో యుద్ధాలకన్నా కబుర్లకు, కట్టడాలకు చోటు ఎక్కువ. ఆడేవాళ్లు తామే కొత్త గదులు రాసి చేర్చవచ్చు. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ శాఖ విద్యార్థులు ఐదుగురు కలిసి "డికూమడ్" తయారుచేసి, 1991లో దాని ప్రోగ్రామును అందరికీ ఇచ్చారు. దాని మీద ఆధారపడి వందల ఆటలు పుట్టాయి. 1990ల చివర వచ్చిన బొమ్మల ఆన్‌లైన్ ఆటలు చాలా సంగతులు వీటి దగ్గరే నేర్చుకున్నాయి. ఇప్పుడు పెద్ద పెద్ద ఆటల్లో కనిపించే లెవెళ్లు, జట్లు, ఆటలోపలి కబుర్ల పెట్టె, ఇవన్నీ అక్షరాల ఆటల్లో ముందే ఉన్నాయి.

ఫిన్లాండ్‌లో 1990లో మొదలైన "బ్యాట్‌మడ్", 1991 నాటి "డిస్క్‌వరల్డ్ మడ్", 1996 నాటి "ఆర్డ్‌వుల్ఫ్", 1997 నాటి "అకేయా" దశాబ్దాలుగా నడుస్తూ వచ్చిన ఆటలు. మీ అమ్మానాన్నలు బడికి వెళ్లే రోజుల్లో మొదలైన ఊళ్లన్నమాట.

లోపల ఏం జరుగుతుంది?

ఎక్కడో ఒక కంప్యూటర్ రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. ఆట లోకం మొత్తం అందులో ఒక పెద్ద చిట్టాలాగా ఉంటుంది. ప్రతి గదికీ ఒక నంబరు, ఒక వర్ణన, బయటికి వెళ్లే దారుల జాబితా ఉంటాయి. "12వ గదికి ఉత్తరాన 13వ గది ఉంది" అని రాసి ఉంటుంది, అంతే. వస్తువులకూ అంతే: గొడుగు ఇప్పుడు 12వ గదిలో ఉందా, తాబేలు చేతిలో ఉందా అన్నది ఒక వరుసలో రాసి ఉంటుంది.

మీరు "గొడుగు తీసుకో" అని పంపగానే సర్వర్ మూడు పనులు చేస్తుంది. మొదట, మీరు చెప్పిన పని ఏమిటో, వస్తువు ఏమిటో విడదీస్తుంది. తర్వాత, ఆ వస్తువు మీరున్న గదిలో ఉందో లేదో చిట్టాలో చూస్తుంది. ఉంటే, గొడుగు పేరు పక్కన "12వ గది" కొట్టేసి "తాబేలు" అని రాస్తుంది. చివరికి ఆ కబురు అందరికీ పంపుతుంది. అందరికీ అంటే, ఆ గదిలో ఉన్నవాళ్లకు మాత్రమే. పక్క గదిలో ఉన్నవాళ్లకు మీరు గొడుగు తీసుకున్న సంగతి తెలియదు. అందుకే అది గదిలా అనిపిస్తుంది.

ఇక్కడ తెలుగు వ్యాకరణం పని పడుతుంది. మీ తెర మీద "మీరు గొడుగు తీసుకున్నారు" అని వస్తుంది. పిచ్చుక తెర మీద "తాబేలు గొడుగు తీసుకుంది" అని రావాలి. జరిగిన పని ఒక్కటే, వాక్యాలు రెండు. ఒకటి మధ్యమ పురుష, ఇంకొకటి ప్రథమ పురుష. పరీక్ష కోసం బట్టీపట్టే ఈ పాఠం తెలియకపోతే సర్వర్‌కు రోజు గడవదు.

తెలుగులో ఆట కట్టడం ఎందుకు కష్టం?

ఈ ఆటలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అలవాటు ఒక కారణమైతే, భాషల నడక వేరు కావడం ఇంకో కారణం.

ఇంగ్లీషు ఆజ్ఞలో పని ముందు వస్తుంది, వస్తువు తర్వాత వస్తుంది. కాబట్టి మొదటి మాట చూస్తే చాలు, ఏం చేయాలో కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. "గొడుగు తీసుకో" అంటాం. కాబట్టి తెలుగు ఆటలో సర్వర్ వాక్యాన్ని చివరి నుంచి చదవడం నేర్చుకోవాలి.

రెండో చిక్కు విభక్తులది. ఇంగ్లీషులో పెట్టె ఎక్కడున్నా దాని పేరు మారదు. తెలుగులో "ఇల్లు" అన్నది "ఇంట్లో" అవుతుంది, "ఊరు" అన్నది "ఊళ్లో" అవుతుంది, "నుయ్యి" అన్నది "నూతిలో" అవుతుంది. నుయ్యి, నూతి ఒకటేనని మీకూ నాకూ తెలుసు. కంప్యూటర్‌కు ఎవరో చెప్పాలి. చెప్పకపోతే, ఎదురుగా నుయ్యి పెట్టుకుని "ఇక్కడ నూతి అనేది ఏదీ లేదు" అంటుంది. ఔపవిభక్తికాలు అని తొమ్మిదో పదో తరగతిలో చదువుతారే, ఆ పాఠం ఇదే.

మూడోది లింగం. పాత్ర అబ్బాయి అయితే "తీసుకున్నాడు", అమ్మాయి అయితే "తీసుకుంది", పెద్దవారైతే "తీసుకున్నారు". స్టేషన్ మాస్టరు గదిలోకి "వచ్చాడు" అని రాసే ఆట మన ఇళ్లలో నచ్చదు, "వచ్చారు" అనాలి. అంటే ఎవరికి మర్యాద ఇవ్వాలో కూడా చిట్టాలో రాసుకోవాలి.

నాలుగోది అక్షరాల బరువు. పాత ఆటలు చాలావాటికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు తప్ప వేరేవి తెలియవు. తెలుగు టైపు చేస్తే ప్రశ్నార్థకాలో, చెత్త గుర్తులో వస్తాయి. యూనికోడ్ తెలిసిన ఆటల్లో ఈ బాధ లేదు. కానీ తెలుగు కాస్త ఎక్కువ చోటు తీసుకుంటుంది. "అమ్మ" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 4 బైట్లు. తెలుగులో అ, మ, వత్తును కలిపే గుర్తు, మళ్లీ మ, మొత్తం నాలుగు సంకేతాలు, ఒక్కోదానికి 3 బైట్లు. అంటే 12 బైట్లు. అయినా భయపడాల్సినంత బరువేమీ కాదు. ఎంతో చూద్దాం.

డేటా లెక్క

ఒక గది వర్ణనలో 500 అక్షరాలు ఉన్నాయనుకోండి. ఇంగ్లీషులో అయితే 500 బైట్లు. తెలుగులో 500 సంకేతాలంటే 1,500 బైట్లు. మామూలు నాణ్యతలో, అంటే సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున, మూడు నిమిషాల పాట వింటే సుమారు 29 లక్షల బైట్లు ఖర్చవుతాయి. భాగించి చూడండి: ఒక్క పాట వినే డేటాతో తెలుగులో 1,900కు పైగా గదుల వర్ణనలు చదవవచ్చు. ఆ కబుర్లను మోసుకొచ్చే నెట్‌వర్కు కవర్ల బరువు కలిపి ఈ లెక్క సగానికి పడిపోయినా, అదీ తక్కువేమీ కాదు.

అందుకే వీడియో తెరుచుకోని చోట కూడా ఈ ఆటలు నడుస్తాయి. కొండ మీది క్వార్టర్లలో, దీవుల్లో, సిగ్నల్ ఒక్క గీత మాత్రమే చూపించే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఈ సంగతి విలువ తెలుసు. ఫోను కూడా ఖరీదైనది అక్కర్లేదు.

ఫోనులో వచ్చే చిక్కులు

ఈ ఆటలు పెద్ద కీబోర్డు ఉన్న కంప్యూటర్ల కోసం పుట్టాయి. ఫోనులో ఆడటానికి "మడ్ క్లయింట్" అనే రకం యాప్ కావాలి. కొన్ని ఆటలు మామూలు బ్రౌజర్‌లోనే నడుస్తాయి. చిక్కులు ప్రధానంగా నాలుగు.

ఒకటి, కీబోర్డు పైకి లేవగానే తెరలో సగం పోతుంది. చదవాల్సిన సగం దాని వెనక దాక్కుంటుంది. అందుకే ఫోను యాప్‌లలో తరచు వాడే ఆజ్ఞలకు బటన్లు పెట్టుకునే వీలుంటుంది. నాలుగు దిక్కులకు నాలుగు బటన్లు పెట్టుకుంటే సగం టైపింగ్ తప్పుతుంది. పొడుగు ఆజ్ఞకు పొట్టి పేరు కూడా పెట్టుకోవచ్చు.

రెండు, ఫోను మనకన్నా తెలివైనదాన్ననుకుని మాటలు దిద్దేస్తుంది. ఉత్తరానికి ఒక్క అక్షరం కొడితే దాన్ని ఏదో పూర్తి మాటగా మార్చి పంపుతుంది. ఆట ఆడేటప్పుడు ఆ దిద్దుబాటు ఆపేయాలి.

మూడు, కనెక్షన్ తెగిపోవడం. ఆట నడవాలంటే మీ ఫోనుకూ సర్వర్‌కూ మధ్య లైను తెగకుండా ఉండాలి. మీరు మధ్యలో వేరే యాప్‌లోకి వెళితే, బ్యాటరీ మిగల్చడానికి ఫోను ఆ ఆటను నిద్రపుచ్చుతుంది. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినా, రైలు సొరంగంలోకి వెళ్లినా లైను తెగుతుంది. అప్పుడు ఆటలో మీ పాత్ర మాయమైపోదు, బొమ్మలాగా నిలబడిపోతుంది. దీన్ని "లింక్‌డెడ్" అంటారు. చుట్టూ పులులున్న గదిలో అలా నిలబడితే ఏమవుతుందో ఊహించుకోండి! అందుకే అనుభవం ఉన్నవాళ్లు ప్రయాణంలో ఆడేటప్పుడు యుద్ధాల జోలికి పోరు. సత్రంలోనో సంతలోనో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు.

నాలుగు, భద్రత. పాత ఆటలు చాలావరకు "టెల్నెట్" అనే పద్ధతిలో మాట్లాడతాయి. అది 1969లో మొదలైంది. అందులో మాటలు తాళం వేయకుండా, పోస్టుకార్డులాగా వెళతాయి. పాస్‌వర్డు కూడా అంతే. కాబట్టి మీరు ఇంకెక్కడైనా వాడే పాస్‌వర్డును ఈ ఆటల్లో పెట్టకూడదు. తాళం వేసిన కనెక్షన్ ఇచ్చే ఆట అయితే దాన్నే వాడాలి.

చూపు లేనివారికీ సమానమైన పీట

బొమ్మల ఆటలో చూపు లేనివారు పక్కన కూర్చోవాల్సి వస్తుంది. అక్షరాల ఆటలో అలా కాదు. ఆండ్రాయిడ్ ఫోనుల్లో టాక్‌బ్యాక్, ఐఫోనుల్లో వాయిస్‌ఓవర్ అనే సదుపాయాలున్నాయి. అవి తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తాయి. ఆట మొత్తం అక్షరాలే కాబట్టి, ఆట మొత్తం వినిపిస్తుంది. అందుకే ఈ ఆటల్లో చూపు లేని ఆటగాళ్లు చాలామంది ఉన్నారు. వారికోసమే ప్రత్యేకమైన ఏర్పాట్లు చేసిన ఆటలు కూడా ఉన్నాయి. అక్షరాలనే గీతల్లా పేర్చి వేసిన పటాలు మాత్రం వినడానికి "గీత, గీత, చుక్క, గీత" అన్నట్టు గందరగోళంగా ఉంటాయి. ఆట కట్టేవాళ్లు పటం బదులు "ఉత్తరాన బావి, తూర్పున బడి" అని మాటల్లో చెబితే ఆ ఇబ్బంది తీరుతుంది. మీ తరగతిలో చూపు సరిగా లేని మిత్రులుంటే, వారితో కలిసి సమానంగా ఆడగలిగే ఆట ఇది.

నాలుగు రకాల ఆటగాళ్లు

ఎసెక్స్‌లో ఆ మొదటి ఆటను పెంచిన రిచర్డ్ బార్టిల్, 1996లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఆటగాళ్లను పేకముక్కల నాలుగు రంగులతో పోల్చారు. మన పేర్లలో చెబితే ఇలా ఉంటుంది. డైమన్ రకం వాళ్లకు సంపద, లెవెళ్లు, గెలుపు కావాలి. ఇస్పేటు రకం వాళ్లు పలుగుతో తవ్వినట్టు లోకమంతా తవ్వి చూస్తారు. ఏ గది వెనక ఏముందో వాళ్లకే తెలుసు. ఆఠీను రకం వాళ్లకు మనుషులు కావాలి. ఆట ఒక వంక, కబుర్లే అసలు పని. కళావరు రకం వాళ్లు దుడ్డుకర్రతో తిరుగుతారు. ఇతరుల్ని ఓడించడంలోనే వాళ్లకు ఆనందం.

నాలుగు రంగులూ లేకపోతే పేక ఆట లేదు. కానీ ఒకే రంగు ఎక్కువైపోతే ఊరు చెడుతుంది. కళావర్లు పెరిగితే కబుర్లు చెప్పేవాళ్లు పారిపోతారు. ఇది మన తరగతి గదికీ వర్తిస్తుందని వేరే చెప్పనక్కర్లేదు. మీరు ఏ రంగో మీరే చూసుకోండి.

మనకే ఎందుకు?

మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో ఆ ఊరి భాష. కొన్నేళ్లకు బదిలీ ఉత్తర్వు వస్తుంది. బీరువా లారీ ఎక్కుతుంది. పక్కబెంచీ స్నేహితుడు లారీ ఎక్కడు. మొదటి నెల రోజూ ఫోను, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత పుట్టినరోజుకు ఒక కేకు బొమ్మ. కబుర్లు తగ్గడానికి కారణం స్నేహం తగ్గడం కాదు. కలిసి చేసే పని లేకపోవడం. "ఏం చేస్తున్నావ్?" "ఏం లేదు." "నువ్వు?" "నేనూ అంతే." ఇక్కడితో మాట ఆగిపోతుంది.

అక్షరాల ఆట ఈ చోటనే పనికొస్తుంది. ఇద్దరికీ ఒకే గొడుగు, ఒకే తాళం, ఒకే చీకటి గది ఉంటాయి. ఒకరు జోర్హాట్‌లో, ఇంకొకరు జామ్‌నగర్‌లో ఉన్నా, ఇద్దరూ ఒకే ప్లాట్‌ఫాం మీద నిలబడగలరు. ఆ ప్లాట్‌ఫాంకు బదిలీ లేదు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ ఊళ్లు కూడా శాశ్వతం కాదు. చాలా ఆటల్ని ఇష్టం కొద్దీ కొందరు జీతం లేకుండా నడుపుతుంటారు. వాళ్లు సర్వర్ ఆపేస్తే ఊరు మొత్తం పోతుంది. మీరు రాసుకున్న గదులు ఒక నోటుపుస్తకంలో కూడా ఉంచుకోండి.

తప్పకుండా పాటించాల్సినవి

పెద్ద పెద్ద ఆటల్లో దేశదేశాల పెద్దవాళ్లు ఉంటారు. చాలావాటిలో యుద్ధాలు, పెద్దల సంభాషణలు ఉంటాయి. వయసు నిబంధనలు ఉంటాయి. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. కాబట్టి అమ్మకో నాన్నకో చెప్పకుండా ఏ ఆటలోనూ చేరవద్దు.

అసలు పేరు, బడి పేరు, ఫోటో, ఫోను నంబరు ఎవరికీ ఇవ్వవద్దు. మన ఇళ్లకు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అమ్మో నాన్నో సైన్యంలోనో, సరిహద్దు దళాల్లోనో, రైల్వేలోనో, మరో ముఖ్యమైన శాఖలోనో పనిచేస్తుండవచ్చు. వారు ఎక్కడ ఉన్నారు, ఎప్పుడు వెళుతున్నారు, ఎప్పుడు వస్తారు అన్నవి మీకు మామూలు ఇంటి సంగతులు. "నాన్న వచ్చేవారం కొత్త చోటికి వెళ్తున్నారు, బాధగా ఉంది" అని ఆటలో స్నేహితుడికి చెప్పుకోవాలనిపిస్తుంది. ఆ స్నేహితుడు ఎవరో మీకు తెలియదు. బాధ చెప్పుకోవచ్చు. చోటు, తేదీ చెప్పకూడదు.

ఎవరైనా వేరుగా మాట్లాడదాం రమ్మన్నా, రహస్యంగా ఉంచమన్నా, భయపెట్టినా, వెంటనే ఇంట్లోనో టీచరుకో చెప్పండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. డబ్బు మోసం జరిగితే 1930కి ఫోను చేయాలి. ఇక ఆటకు గంట కొట్టుకోండి: అరగంట అంటే అరగంటే. సర్వర్ నిద్రపోదు, మీరు నిద్రపోవాలి.

మీరే ఒక ఊరు కట్టండి

సర్వర్ లేకుండా కూడా ఈ ఆట ఆడవచ్చు. తెలిసినవాళ్లు మాత్రమే ఉండే చిన్న గుంపుకు ఇదే మేలు. నలుగురు పాత స్నేహితులు, పెద్దవాళ్ల ఫోనులో ఒక మెసేజీ గ్రూపు, ఒక కాగితం ఉంటే చాలు.

మొదట ఒకరిని కథకుడిగా ఎన్నుకోండి. సర్వర్ చేసే పని అంతా ఆ కథకుడే చేస్తాడు. కాగితం మీద ఐదు గదులు గీసి, నంబర్లు వేసి, దారులు కలపాలి. ఏ వస్తువు ఏ గదిలో ఉందో పక్కన పెన్సిలుతో రాయాలి. అవి చేతులు మారతాయి కాబట్టి చెరిపి రాసే వీలుండాలి. ఆదివారం సాయంత్రం అందరూ ఒప్పుకున్న వేళకు మొదలుపెట్టండి. కథకుడు గది వర్ణన పంపుతాడు. ఒక్కొక్కరు వంతులవారీగా ఒక్క వాక్యం, ఒక్క పని చెప్పాలి. రెండు పనులు చెబితే వంతు పోతుంది. కథకుడు ఫలితం చెబుతాడు. తర్వాతి వారం కథకుడు మారతాడు. తెలుగు లిపిలోనే రాయాలన్నది ఇంకో నియమం. మొదట్లో వేళ్లు తడబడతాయి. నాలుగో వారానికి అలవాటవుతుంది.

గదిని ఎలా వర్ణించాలి? మన ప్రబంధ కవులు ఊరు, కొండ, సముద్రం, ఋతువులు, సూర్యోదయం, చంద్రోదయం అంటూ పద్దెనిమిది వర్ణనలు చేసేవారు. మీకు నాలుగు వాక్యాలు చాలు. మొదటి వాక్యంలో వేళ ఏమిటో, గాలీ వానా ఎలా ఉన్నాయో చెప్పండి. రెండో వాక్యంలో ఒక చప్పుడో వాసనో చెప్పండి. మూడో వాక్యంలో చేతితో పట్టుకోగల వస్తువు ఒకటి పెట్టండి. నాలుగో వాక్యంలో దారులు చెప్పండి. "చాలా అందమైన తోట" అని రాస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. "మామిడిచెట్టు కింద ఒక చెప్పు ఉంది, రెండోది లేదు" అని రాయండి. రెండో చెప్పు కోసం అందరూ వెతకడం మొదలుపెడతారు. ఆట మొదలైనట్టే.

మొదటి గదిగా మీరు విడిచి వచ్చిన ఏదో ఒక క్వార్టర్ని రాయమని నా సలహా. గేటు, కాపలా, కార్యాలయం, బండ్ల రాకపోకలు రాయవద్దు. ఊరి పేరు కూడా వద్దు. అవి లేకుండానే ఆ ఇల్లు మీ స్నేహితుడు గుర్తుపట్టాలి. కుళాయి తిప్పితే వచ్చే కూత, మెట్ల మీద నాలుగోది విరిగి ఉండటం, ఎదురింటి పిల్లి పాల ప్యాకెట్టు కోసం కూర్చునే చోటు, ఇవి రాయండి. అక్కడ ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇవి తెలియవు, ఇంకెవరికీ పనికిరావు కూడా.

రాశాక మీ తెలుగు టీచరుకో మాస్టారికో చూపించి, అక్షర దోషాలు దిద్దించుకోండి. "ఇంట్లో", "నూతిలో" సరిగ్గా రాశారో లేదో చూసుకోండి. ఆ తర్వాత ఆ స్నేహితుడికి పంపి, చివర ఒక్క వాక్యం చేర్చండి: "నువ్వు తలుపు దగ్గర ఉన్నావు. ఏం చేస్తావు?"